పన్నెండు వోల్టుల కోడలు

ఆమెను పేటలో అందరూ ‘పన్నెండు వోల్టులు’ అంటారు. ఆ పేరు పెట్టింది మామగారు. ముద్దుకొద్దీ పెట్టిన పేరేం కాదు.

ఆయన ముప్పై నాలుగేళ్లపాటు కరెంటు స్తంభాలెక్కిన మనిషి. పదకొండు వేల వోల్టుల లైను బాగుచేస్తూ, అంతెత్తున నడుముకు పట్టా బిగించుకుని, భోజనం డబ్బా అక్కడే విప్పి తిన్నానని చెప్పుకునేవాడు. ఆ గొప్పకు తోటివాళ్లు కట్టిన బిరుదు ‘కాకి’. రిటైరయ్యాక ఉద్యోగం పోయింది కానీ బిరుదు పోలేదు. అలాంటి మనిషి, కోడలు కాపురానికి వచ్చిన మొదటి వారంలో ఆమెను కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేశాడు.

“అయితే అమ్మాయ్, నువ్వూ మా కరెంటు పార్టీయేనన్నమాట. నీ లైన్లో వోల్టులెన్ని?”

“పన్నెండండీ.”

“పన్నెండు వేలా! ఫర్వాలేదే!”

“వేలు కాదు మామయ్యా. ఉత్త పన్నెండు.”

ఆయనకు నవ్వొచ్చి, నవ్వుకు పొలమారి, అత్తగారు నీళ్లిచ్చి వీపు తట్టాల్సి వచ్చింది. “ఉత్త పన్నెండు! చీమ ముట్టుకున్నా దానికి చక్కిలిగింత పుట్టదే!” అని ఆ వారమంతా వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ చెప్పాడు. కోడలు మొహం మాడ్చుకోలేదు. నెల తిరిగేసరికి తన పాత స్కూటరు వెనక పెట్టె మీద ఎర్ర రంగుతో ‘పన్నెండు వోల్టులు – తోట దీపాలు’ అని రాయించుకుంది. వెక్కిరింతను బోర్డుగా మార్చుకున్న మనిషిని ఇంకా ఏడిపించడం ఎలాగో ఆయనకు తోచలేదు.

ఆమె చేసేది చెప్పడానికి చిన్న పనే. గోడకు ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె బిగిస్తుంది. అది ఇంటి కరెంటును పన్నెండు వోల్టులకు దించుతుంది. అక్కడి నుంచి నాలుగు వేళ్ల లోతున మట్టిలో కేబులు పరిచి, మోకాలెత్తు పుల్లల మీద చిన్న చిన్న దీపాలు గుచ్చుతుంది. రేపు ఎవరో మొక్కకు గొయ్యి తవ్వుతూ పారతో ఆ కేబులు తెంపినా దీపం ఆరిపోతుందే తప్ప మనిషి ఆరిపోడు. ఈ పని ఆమె పుస్తకాల్లో నేర్చుకోలేదు. డిప్లొమా అయ్యాక ఏడేళ్లు ఒక దీపాల కొట్టు కౌంటరులో నిలబడింది. తను అమ్మిన దీపాలను జనం ఇళ్లలో ఎంత ఘోరంగా పెట్టుకుంటున్నారో చూసి చూసి, ఇక ఊరుకోలేక కౌంటరు దాటి బయటికొచ్చింది.

ఒకసారి ఏదో సంఘం వాళ్లు ఆమె గురించి పత్రికలో వేస్తామని వచ్చారు. స్క్రూడ్రైవరును కత్తిలా ఎత్తి పట్టుకోమన్నారు. శీర్షిక కూడా వాళ్లే వండి తెచ్చారు: ‘మహిళా శక్తి’. “శక్తి అంటే ఎంతనుకుంటున్నారండీ? ఒక్కో దీపం నాలుగు వాట్లు” అంది ఆమె. ఆ ఫొటో అచ్చు కాలేదు. ఆడవాళ్లు పనిచేస్తే దాన్ని పని అనకుండా ఉద్యమం అనే జనానికి, వాట్లలో మాట్లాడే మనిషి కొరగాదు.

ఆమెకొక పద్ధతుంది. దానికి ఒప్పుకోని ఇంట్లో పని పట్టదు. మొదటిసారి సరిగ్గా సంధ్యవేళకి వస్తుంది. ఇంటి బయట ఉన్న లైట్లన్నీ ఆర్పించి, “రోజూ గేటు నుంచి గుమ్మం దాకా ఎలా నడుస్తారో అలా నడవండి. నాతో ఏదో ఒకటి మాట్లాడుతూ నడవండి” అంటుంది. చేతిలో సుద్దపొడి డబ్బాతో వెనకే వెళ్తుంది. ఎక్కడ కాలు తడుముకుంటుందో, ఎక్కడ చెయ్యి గోడ కోసం వెతుకుతుందో, ముఖ్యంగా ఎక్కడ మాట మధ్యలో ఆగుతుందో, అక్కడ చిటికెడు పొడి చల్లుతుంది. మనిషి కాలికి అనుమానం వస్తే ముందు నోరు మూతపడుతుందని ఆమె లెక్క. దీపం పొడి ఉన్నచోటే వస్తుంది, ఇంకెక్కడా రాదు. తోటంతా ఫంక్షన్ హాలులా వెలిగిపోవాలనే వాళ్లకి ఆమె నిర్మొహమాటంగా, “ఎయిర్‌పోర్టు కట్టే కంట్రాక్టర్లు వేరే ఉంటారండీ” అని చెప్పి స్కూటరెక్కుతుంది.

ఇన్ని ఇళ్ల వాకిళ్లు వెలిగించిన మనిషి సొంతింటి పెరడు మాత్రం చీకటిగానే ఉండేది. కారణం కాకిగారే. “ఆ బొమ్మ దీపాలు నా తోటలో గుచ్చావంటే నేను స్తంభం మీద కాపురం పెడతా” అనేవాడు.

ఆ పెరడు పల్లంలో ఉంది. వంటింటి వెనక గుమ్మం నుంచి ఏడు మెట్లు దిగితే తోట, తోట చివర ఒక రేకుల గది. ఒకప్పుడు సామాన్ల కొట్టు. ఇప్పుడు సాయంత్రం ఆరు దాటాక కాకిగారూ, పక్కవీధి టైలరూ, రిటైరైన పోస్ట్‌మానూ పేకాడుకునే కచేరీ. ఆ గది లేకపోతే ఆయనకు రోజు లేదు. పగలంతా సాయంత్రం కోసం ఎదురుచూడడం, రాత్రంతా తను గెలిచిన ఆట తలుచుకోవడం, అదీ దినచర్య.

అలాంటిది ఒక సాయంత్రం అయిదో మెట్టు మీద కాలు జారి పడ్డాడు. ఎడమ చేతి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. కట్టు విప్పిన రోజునే కొడుకు ఆఫీసు నుంచి వస్తూ వస్తూ ఇత్తడి తాళంకప్ప ఒకటి కొనుక్కొచ్చి ఫ్రిజ్జు మీద పెట్టాడు.

కొడుకు ఇన్సూరెన్సు ఆఫీసులో చేస్తాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా జనం ఎలా పడ్డారో, ఏం విరగ్గొట్టుకున్నారో చదవడమే ఉద్యోగం. అందుకని అతని కంటికి స్నానాల గది ప్రమాద స్థలం, పీట ప్రమాద వస్తువు, తండ్రి ప్రమాదం.

“రేపట్నించి ఆ గదికి తాళం. పేకాట కావాలంటే ముందు హాల్లో ఆడుకో నాన్నా.”

“హాల్లో మీ అమ్మ టీవీ చూస్తుందిరా!”

“నా టీవీ జోలికొచ్చారంటే నేనే పడేస్తా మిమ్మల్ని, మెట్లు కూడా అక్కర్లేదు” అంది అత్తగారు, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

ముసలాయన కట్టు విప్పిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని దాన్నే చూసుకుంటూ కూర్చున్నాడు. ఆయన్ని అలా కోడలు ఎప్పుడూ చూడలేదు. చూడబుద్ధి కాలేదు.

“ఏమండీ, పదిహేను రోజులు టైమివ్వండి. మెట్ల మీద నా దీపాలు పెడతాను. పదిహేను సాయంత్రాల్లో మామయ్య ఒక్కసారి తడబడినా తాళం నేనే వేస్తాను.”

“నాన్న ఒప్పుకోవద్దూ?”

అందరూ ఆయన వైపు చూశారు. ఆయన ఫ్రిజ్జు మీద తాళాన్ని చూశాడు, కోడల్ని చూశాడు, రెండింటిలో ఏది తక్కువ అవమానమో బేరీజు వేసుకున్నాడు.

“సరే, ఏడువు” అన్నాడు. ఆ మాటకు అర్థం అంగీకారమని ఇంట్లో వాళ్లకు తెలుసు.

మర్నాడు సంధ్యవేళ కోడలు సుద్దపొడి డబ్బా తీసింది. కాకిగారు ఆ పరీక్షలో తనను ఎవరూ పట్టుకోలేకుండా ముందే పథకం వేసుకున్నాడు. గుమ్మం దాటుతూనే గాలివానలో తెగిన లైను కథ ఎత్తుకుని, ఊపిరి తియ్యకుండా చెప్పుకుంటూ దిగాడు.

“...ఆ వానలో, ముగ్గురం, నిచ్చెన కూడా లేదు, మా ఇంజనీరు ఏఈ గారేమో కింద గొడుగేసుకుని నిలబడి ‘ఎక్కండి ఎక్కండి’ అంటాడు, నేనన్నాను కదా, అయ్యా, మీరు...”

అయిదో మెట్టు దగ్గర కథ ఆగింది. కాలు గాల్లో ఉంది. ఒక్క క్షణమే. “...మీరు గొడుగిలా ఇవ్వండి అన్నాను” అని అందుకున్నాడు కానీ, వెనక సుద్దపొడి అప్పటికే పడింది.

“అక్కడెందుకు చల్లావు? నేనేం ఆగలేదే!”

“ఏఈ గారు ఆగారు మామయ్యా.”

మొత్తం తొమ్మిది చోట్ల పొడి పడింది, తొమ్మిది దీపాలు వెలిశాయి. సరిగ్గా ఆరింటికి టైమరు వాటిని వెలిగించేది. మెట్టు అంచు మీద అరచేయంత వెలుగు. కంట్లో కొట్టదు, నీడలు పారవు. మొదటి సాయంత్రం కాకిగారు దిగుతూ, “దీన్నే వెలుగంటారా, మిణుగురుకి జలుబు చేసినట్టుంది” అన్నాడు. నాలుగో రోజుకు ఆ మాట మానేశాడు. ఆరో రోజున టైలరుతో, “చూసి దిగక్కర్లేదురా, కాలే చూసుకుంటుంది” అనడం కోడలి చెవినపడింది. ఆమె విననట్టే ఉండిపోయింది.

గదిలో మాత్రం ఇంకా బ్యాటరీ లాంతరే. ఆ మసకలో పోస్ట్‌మాన్ ఇస్పేటును కళావరు అనీ, కళావరును ఇస్పేటు అనీ పడేస్తుంటే ఆటలో ధర్మం నశిస్తోందని కాకిగారి బాధ. “గదిలో కూడా పెట్టమ్మాయ్” అన్నాడు ఎనిమిదో రోజు. ఆ అడగడమే పెద్ద మెట్టు దిగడం.

“పెడతా మామయ్యా. లావు కేబులు రావాలి. వారం ఆగండి.”

“దానికి లావు కేబులెందుకు? నాకు చెప్తున్నావా కరెంటు సంగతి?”

తొమ్మిదో సాయంత్రం దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయి, పది నిమిషాలకు వాటంతటవే వెలిగాయి. అప్పటికి పేకాట మొదలైంది, ఎవరూ పడలేదు. కోడలు వెళ్లి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె ముట్టుకోలేనంత వేడిగా ఉంది. ఎక్కువ బరువు పడితే తనను తాను ఆపేసుకుని, చల్లారాక మళ్లీ పనిచేయడం ఆ పెట్టె స్వభావం. అరవై వాట్ల పెట్టె. తొమ్మిది దీపాలకూ కలిపి ముప్పై ఆరు. ఎక్కడ బరువు పడింది? లెక్క తేలక ఆమె తల గోక్కుంది.

పదో సాయంత్రం, ఆరూ ఇరవై. ఆమె వంటింటి కిటికీలోంచి చూస్తోంది. మామగారు మెట్లు దిగుతున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదో మెట్టు మీద కాలు పెట్టగానే తోటంతా చీకటైపోయింది. అదే క్షణాన గేటు దగ్గర భర్త బండి చప్పుడు.

“దీపాలేవీ? నాన్నేడీ?” అంటూ వచ్చినవాడు వచ్చినట్టే ఫ్రిజ్జు మీది తాళం అందుకున్నాడు. టార్చి వేసి వెనక గుమ్మంలోంచి చూస్తే, అయిదో మెట్టు మీద ముసలాయన చేతులు వెనక్కి కట్టుకుని నిటారుగా నిలబడి ఉన్నాడు.

“ఏం చేస్తున్నావు నాన్నా?”

“గాలి పీల్చుకుంటున్నా.”

“చీకట్లోనా?”

“గాలికి చీకటేమిట్రా!”

“పైకి రా. చెయ్యి ఇస్తాను.”

“వద్దు. ఇంకో అయిదు నిమిషాలు పీలుస్తా.”

కొడుకు గుమ్మంలో, తండ్రి మెట్టు మీద, ఇద్దరూ కదల్లేదు. తోట చివరి నుంచి పోస్ట్‌మాన్ గొంతు, “ఏరా కాకీ, తీగ మీద వాలావా?” అని అరిచింది. కాసేపటికి దీపాలు వెలిగాయి. ముసలాయన ఏమీ జరగనట్టు ఆరో మెట్టు మీద కాలు వేసి వెళ్లిపోయాడు.

“చూశావుగా” అన్నాడు భర్త తాళాన్ని చేతిలో ఎగరేస్తూ. “నీ దీపాలు మంచివే. కానీ నమ్మకం లేదు. రేపు ఆదివారం, భోజనమయ్యాక వేసేస్తాను.”

ఆమె బుర్రలో వేరే సంగతి తిరుగుతోంది. దీపాలు ఆరితే ఎవరైనా అరుస్తారు, గోడ పట్టుకుంటారు, వెనక్కి తిరుగుతారు. మామయ్య మాత్రం రైలు కోసం నిలబడ్డట్టు నిలబడ్డాడు. ‘ఇంకో అయిదు నిమిషాలు’ అని లెక్క కూడా చెప్పాడు. నిన్న ఆరినప్పుడు గదిలో పేకాటలో ఉన్న మనిషికి, కరెంటు దానంతటదే మళ్లీ వస్తుందని ఎలా తెలుసు?

ఆదివారం పొద్దున్నే చిన్న తాపీ పట్టుకుని కేబులు వెంబడి మట్టి గోకుకుంటూ వెళ్లింది. చివరి దీపం పక్కన, పూలకుండీ వెనక దొరికింది జవాబు. ఎవరో కేబులు పైతోలు ఒలిచి, కాలింగ్ బెల్లుకు వాడే సన్న వైరు కలిపారు. కలిపిన తీరు చూస్తే కళ్లు చెదిరాయి. సమానంగా ఏడు చుట్లు, ఒక దాని మీద ఒకటి ఎక్కకుండా, చివర కొస లోపలికి మడిచి. సంతకం పెట్టినా అంత స్పష్టంగా ఉండదు. అలాంటి ముడి వేసే చెయ్యి ఆ పేటలో ఒక్కటే, దానికి మొన్ననే కట్టు విప్పారు.

వైరు పట్టుకుని వెళ్తే రేకుల గదిలో తేలింది. పైన వాసానికి ఒక పాత కారు హెడ్‌లైటు వేలాడుతోంది. కింద మామగారు ఒంటరిగా పేక కలుపుతున్నాడు.

“ఇదేమిటి మామయ్యా?”

“పన్నెండు వోల్టులదే” అన్నాడు తలెత్తకుండా. “నీ కరెంటూ పన్నెండు, నా బల్బూ పన్నెండు. తప్పేముంది? నీ పెట్టెలోనే దమ్ము లేదు. బల్బు నిప్పు కణికలా ఎర్రగా మాడుతోంది తప్ప వెలగడంలేదు.”

ఆమె స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. కోపం రావాల్సిన చోట నవ్వొస్తోంది. దాన్ని పళ్ల బిగువున ఆపుకుంది.

“ఒక్క సందేహం మామయ్యా. ఇళ్లలో వాడేది రెండొందల ముప్పై వోల్టులే కదా. అదే పంపకుండా, ఊళ్ల మధ్య పదకొండు వేలు పెట్టి ఎందుకు పంపుతారు?”

పేక కింద పెట్టాడు. ఆయన్ని ఎవరైనా ఇలాంటి ప్రశ్న అడిగి ఏళ్లయింది. “పిచ్చిపిల్లా, ఇది కూడా తెలీకుండా డిప్లొమా ఎవడిచ్చాడు నీకు? వోల్టులు పెంచితే తీగలో పారే కరెంటు తగ్గుతుంది. అంత సన్న తీగ మీద అంత దూరం దాటించొచ్చు. అదే వోల్టులు తగ్గించావనుకో, అదే పనికి కరెంటు ఎక్కువ పారాలి. ఎక్కువ పారితే సన్న తీగ ఎక్కడ తట్టుకుంటుంది? దార్లోనే సగం తినేస్తుంది. దానికి ఇంత లావు...”

మాట మధ్యలో ఆగింది. కళ్లు నెమ్మదిగా పైకి లేచి, కాలింగ్ బెల్లు వైరు వెంట పాకి, హెడ్‌లైటు దగ్గర ఆగాయి.

కోడలు జేబులోంచి సుద్దపొడి డబ్బా తీసి, ఆయన కుర్చీ ముందు చిటికెడు చల్లింది.

అప్పుడొచ్చింది ఆయనకు నవ్వు. పొలమారేంత నవ్వు. నీళ్లిచ్చి వీపు తట్టే పని ఈసారి కోడలిది. “ముప్పై నాలుగేళ్లే! పదకొండు వేలు నన్నేం చెయ్యలేకపోయింది, ఉత్త పన్నెండు బోల్తా కొట్టించింది! ఈ బల్బెన్ని వాట్లు?”

“యాభై అయిదు. నా దీపాలన్నీ కలిపినా అంత లేవు.”

“మరి నిన్ననే నన్ను పట్టుకోలేదేం?”

“మీరు గాలి పీల్చుకుంటున్నారు కదా.”

మధ్యాహ్నం భోజనాల దగ్గర కొడుకు తాళం పక్కన పెట్టుకునే కూర్చున్నాడు. కోడలు ఏదో చెప్పబోయింది. ముసలాయన చేయెత్తి ఆపాడు.

“ఒరేయ్, ఆ దీపాలు ఆరిపోయింది వాటి తప్పు కాదు. నేను దొంగ కనెక్షన్ ఇచ్చాను. తప్పు నాది.”

అత్తగారు టీవీ కట్టేసింది. “ఇంకోసారి అనండి. నలభై ఏళ్లకి విన్నాను, సరిగ్గా వినబళ్లేదు.”

“ముప్పై నాలుగేళ్లు దొంగ కనెక్షన్లు పీకినవాడివి నువ్వు నాన్నా!”

“అందుకేరా అంత బాగా వేశాను.”

కొడుకు తాళంకప్పను తిప్పి తిప్పి చూశాడు. లోపలి ఇన్సూరెన్సు మనిషి వదల్లేదు. “సొంత చేష్టల వల్ల జరిగిన నష్టానికి క్లెయిము ఉండదు. పదిరోజులూ కొట్టేశాను. మళ్లీ ఒకటి నుంచి పదిహేను.”

“అలాగే ఏడువు” అన్నాడు కాకిగారు. ఈసారి చాలా హుషారుగా.

లావు కేబులు వచ్చింది. దాన్ని పరిచేటప్పుడు మామగారు పక్కన కుర్చీ వేసుకుని, “లోతు చాలదు, ఇంకో వేలు” అంటూ పెత్తనం చేశాడు. ముడులన్నీ తనే వేశాడు. వాటిలో వేలు పెట్టే ధైర్యం ఆమె చెయ్యలేదు, అవసరం కూడా లేదు. గదికి విడిగా ఒక లైను, వాసం కింద రెండు చిన్న దీపాలు. ఇస్పేటు ఇస్పేటులా కనబడడంతో పోస్ట్‌మాన్ ఓడిపోవడానికి వేరే సాకులు వెతుక్కోవాల్సి వచ్చింది.

పదిహేనో సాయంత్రం కొడుకు ఆఫీసు నుంచి తొందరగా వచ్చి, తండ్రి వెనకే తనూ మెట్లు దిగాడు. కోడలు కిటికీ దగ్గరే నిలబడింది, కళ్లతో కాదు, చెవులతో చూస్తూ.

“...ఆ వానలో, ముగ్గురం, ఏఈ గారేమో గొడుగేసుకుని, నేనన్నాను కదా, అయ్యా, మీరు గొడుగిలా ఇవ్వండి, ఇచ్చి మీరెక్కండి, అప్పుడు తెలుస్తుంది...”

నాలుగు, అయిదు, ఆరు, ఏడు. కథ ఎక్కడా తెగలేదు. ఏఈ గారు ఈసారి ఆగకుండా స్తంభమెక్కేశారు.

కొనుక్కొచ్చిన తాళాన్ని ఊరికే పడెయ్యడం కొడుక్కి ఇష్టంలేదు. అది ఇప్పుడు వెనక గోడ మీద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెకు వేలాడుతోంది. తాళంచెవి కోడలి బొడ్లో దోపి ఉంటుంది. గదిలోకి టీ కాచుకునే కరెంటు స్టవ్ ఒకటి కావాలని కాకిగారు వారం నుంచి ఆ తాళం వైపు అదోలా చూస్తున్నాడు.